30 రోజుల గడువు గురించి కూడా రాయండి
అడిగిన పత్రాలు రెండు వాయిదాలైనా దాఖలు చేయనందుకు పింఛను కేసును ట్రైబ్యునల్ కొట్టివేసిందన్న మీ కథనం చదవగానే మా నాన్నగారి కేసు గుర్తుకు వచ్చింది. ఆయన తిరుపతిలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిగా పదవీ విరమణ చేశారు. కేసేమో హైదరాబాద్‌లోని క్యాట్‌లో, అంటే కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు విచారించే కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌లో. వాయిదా తేదీ వకీలు చెప్పలేదు, మేమూ అడగలేదు. హాజరు కాలేదని కొట్టివేశారు. 1987 నాటి క్యాట్ నియమావళిలోని 15వ నియమం ప్రకారం, రాలేకపోవడానికి తగిన కారణం చూపి 30 రోజుల్లోపు కేసును పునరుద్ధరించమని కోరవచ్చు. ఆ సంగతి మాకు 26వ రోజున తెలిసింది! ఆ రాత్రే రైలెక్కాం. మీ కథనంలో ఈ గడువు మాటే లేదు, దయచేసి చేర్చండి. మా కేసులో అధికారులు జవాబు దాఖలు చేయడానికి ఎన్నోసార్లు గడువు తీసుకున్నారు, మేము ఒక్కసారి తప్పితే కేసే పోయింది. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. ఇప్పుడు ప్రతి సోమవారం ఆన్‌లైన్‌లో కేసు నంబరు కొట్టి వాయిదా తేదీ నేనే చూసుకుంటున్నాను.