మోరీలో కలవకూడని గొట్టం

మురుగునీటి శుద్ధి అనగానే హైదరాబాదీకి గుర్తొచ్చేది మూసీ, దాని మీద తేలే నురగ. నగరం కోసం 31 ఎస్టీపీలు, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రాలు, మంజూరయ్యాయి. ఖర్చు 3,866 కోట్ల రూపాయలు, సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు). భాగించి చూస్తే రోజుకు పది లక్షల లీటర్లు శుద్ధి చేయడానికి దాదాపు మూడు కోట్ల పెట్టుబడి. ఇదే లెక్క పట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు దాటి, పదిహేను వందల మంది ఉన్న ఓ ఊరికి పోదాం.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పల్లెలకు పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. అందులో సుమారు మూడింట రెండు వంతులు మోరీ పాలవుతాయనుకున్నా లక్ష లీటర్లు. నగరం ధర కడితే 30 లక్షలు. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరికి మురికినీటి పనుల కింద తలకు 280 రూపాయల దాకా కేటాయించారు. అంటే మన ఊరికి 4.2 లక్షలు. ఐదు వేలు దాటిన ఊరికైతే తలకు 660. మొదట చూసినప్పుడు నాకూ ఇది అన్యాయంగానే తోచింది.

కానీ ఊరి మోరీలో పారేది నగరం మురుగు కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, స్నానం నీళ్లు, బట్టల సబ్బునీళ్లు. మరుగుదొడ్డి నీళ్లు ఇంటి వెనక గుంతలోనే ఉండిపోతాయి, కనీసం ఉండాలి. జంట గుంతలుంటే ఒకటి నిండాక రెండోదానికి మళ్లిస్తారు. మూసిన గుంతలోది రెండేళ్లకల్లా ఎరువవుతుంది. ఇక మోరీ నీళ్లకు కరెంటూ మోటార్లూ అక్కర్లేదు. పెరట్లో జాగా ఉన్న ఇంటికి ఇంకుడు గుంత చాలు. మిగతా నీటిని ఊరి పల్లంలో ఓ తొట్టిలో తేర్చి, కంకర పరిచి మెట్టతామరో జమ్మో నాటిన మడి గుండా మెల్లగా పారిస్తే, కంకరకు పట్టిన సూక్ష్మజీవులే పని చేసిపెడతాయి. (ఇసుక పాలు ఎక్కువుండే ఎర్ర చెలక నేలల్లో బాగా పనిచేసే ఇంకుడు గుంత నల్లరేగడిలో వానాకాలం రాగానే చెరువవుతుంది. అన్ని ఊళ్లకూ ఒకే నమూనా పంపే అధికారులు ముందు మట్టి చూడాలి.)

ఇదంతా రెండు నీళ్లూ విడిగా ఉన్నంతవరకే. సెప్టిక్ ట్యాంకు కట్టుకున్న ఇల్లు, దాని పక్కన ఇంకుడు గుంత తవ్వడానికి బద్ధకించి, ట్యాంకులోంచి నీళ్లు బయటికొచ్చే గొట్టాన్ని మోరీలోకి తిప్పేస్తుంది. ట్యాంకు ఖాళీ చేయడానికి ట్యాంకర్‌ను పిలిచే ఖర్చు కూడా వాయిదా పడుతుంది. అలాంటి ఇళ్లు పది ఉంటే చాలు, సబ్బునీళ్ల మోరీ కాస్తా మలజలాల కాలువవుతుంది. అప్పుడు దానికి కావలసింది నగరం తరహా శుద్ధి, నగరం తరహా డబ్బు. 280 రూపాయలు అక్కడ ఏ మూలకూ రావు.

అందుకే నా దృష్టిలో మొదటి రూపాయి ఖర్చు పెట్టాల్సింది ఊరి చివర కాంక్రీటు మీద కాదు, ఆ పది గొట్టాల మీద. ఇల్లిల్లూ తిరిగి గొట్టం ఎటు పోతోందో రాసుకోవడం పంచాయతీ కార్యదర్శికి ఒక వారం పని. సర్పంచికి మాత్రం కష్టమే. అందులో కొన్ని గొట్టాలు సొంత వాళ్లవే అయి ఉంటాయి.

రెండో రూపాయి పూడిక తీతకు. తేర్చే తొట్టిలో జిడ్డూ బురదా పేరుకుంటాయి, తీయకపోతే కంకర మూసుకుపోయి నీళ్లు మళ్లీ వీధిలోకే తన్నుకొస్తాయి. 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు. ఆ బురద ఎత్తే మనిషి కూలి, చేతి తొడుగులు, బూట్లు పారిశుద్ధ్యం పద్దులోనే రాయొచ్చు. తొట్టి కట్టడానికి తీర్మానం చేసిన రోజే ఆ కూలికీ తీర్మానం చేయాలి.