తేమ 17

నిన్న రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాను. ఇప్పటికీ షూ విదిలిస్తే వడ్లు రాలుతున్నాయి. ఒళ్లు మంట చల్లారకముందే రాసేస్తున్నా.

తొమ్మిది మందిమి, తొమ్మిది బళ్లు. రాజమండ్రిలో బయల్దేరి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, రావులపాలెం, అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది. దర్శనం అయ్యాక సఖినేటిపల్లి రేవులో బళ్లతో సహా పంటు (బళ్లని కూడా ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురంలో దిగడం, పాలకొల్లు, మార్టేరు, పెనుగొండ, సిద్ధాంతం మీదుగా మళ్లీ గోదారి దాటి కొంపకి. మొత్తం 200 కిలోమీటర్లు దాటుతుంది. మా నాన్న ఇదే తిరుగుడు తిరిగొచ్చి "అంతర్వేది వెళ్లొచ్చాం" అని ఒక్క ముక్కలో తేల్చేవాడు. మా కెప్టెన్ దీనికి "డెల్టా ఎక్స్‌పెడిషన్" అని పేరు పెట్టి, వాట్సాప్‌లో 14 రూల్సు పడేశాడు.

ఈ కెప్టెన్‌ని ఎవరూ ఎన్నుకోలేదు. ఒకసారి లడఖ్ వెళ్లొచ్చాడు, అంతే. అప్పట్నుంచి టీ కొట్టు దగ్గర ఆగాలన్నా పిడికిలి గాల్లోకి లేపుతాడు. నన్ను "స్వీప్" చేశాడు. అంటే వరసలో ఆఖర్న వస్తూ, ఎవరి బండి మొరాయించినా దిగి తోడుండేవాడన్నమాట. అందుకు లాంఛనాలుగా ఓ చిలకపచ్చ మెరుపుల జాకెట్టు, టైర్లలో గాలి చూసే డిజిటల్ మీటరు నా చేతిలో పెట్టాడు. మరి స్వీపు బండే ఆగిపోతే వాడికి తోడెవరని అడిగాను. "నువ్వెందుకు ఆగుతావ్?" అన్నాడు. పద్నాలుగు రూల్సులోనూ దీనికి జవాబు లేదు.

దర్శనం, భోజనం, పంటు అన్నీ సవ్యంగా జరిగిపోయాయి కాబట్టి వాటి గురించి రాయడానికేం లేదు.

మార్టేరు దాటాక మొదలైంది. పొద్దుట్నుంచి మాడు పగలగొట్టిన ఎండ మూడున్నరకల్లా ఎటుపోయిందో! పడమట మబ్బు కాటుకలా దిగింది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల రోజులు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన విత్తనాలు ఆ ఊరి శివార్లలోనే తారు మీద ఎండుతున్నాయి. ఎవరో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి చాళ్లు తీస్తున్నారు. చూడముచ్చటగా ఉంది. సరిగ్గా అప్పుడే నా వెనక చక్రం తాగినవాడిలా ఊగడం మొదలెట్టింది.

ఆగాను. చెయ్యి ఊపాను. కెప్టెన్ అద్దంలో చూసి, తనూ చెయ్యి ఊపి, ఎనిమిది బళ్లతో మలుపు తిరిగి మాయమైపోయాడు.

నేను గొంతుక్కూచుని మీటరు తీసి వెనక టైరుకి గుచ్చాను. 32 ఉండాల్సింది 17 చూపించింది. మీటరు చేత్తో పట్టుకుని "ఖర్మ" అనుకుంటూ లేచేసరికి ఎదురుగా తలపాగా చుట్టుకున్న ఓ పెద్దాయన, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వొచ్చేరాండి బాబూ! నాలుగు రోజుల్నించి సూత్తన్నావండి మీకోసం."

గోదారోళ్ల మర్యాద అనుకున్నాను. "పర్లేదండీ, చిన్న సమస్యే," అన్నాను.

"సిన్నదేనాండి! అంతకంటే కావాల్సిందేవుందండి. మొన్నొచ్చినాయన ఇరవై రెండుందని మొకాన కొట్టేసి ఎల్లిపోయేడండి." అని నా చేతిలో మీటరులోకి తొంగిచూసి, ఊరు ఊరంతా వినపడేట్టు కేకేశాడు. "పదిహేడొచ్చిందిరోయ్!"

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సర్కారు కొనుగోలుకి ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. మించితే మళ్లీ ఆరబెట్టమంటారు. చిలకపచ్చ జాకెట్టు, చేతిలో అంకెలు మెరిసే బుల్లి మిషను, వడ్ల పక్కనే గొంతుక్కూచున్న మనిషి. తేమ కొలిచేవాడి కోసం నాలుగు రోజులు ఎదురుచూసిన కళ్లకి నేను ఇంకెలా కనపడతాను? తప్పు వాళ్లది కాదు. రావాల్సినవాడు వచ్చుంటే, రాకూడనివాణ్ణి పట్టుకుని ఆయన ఇంత సంబరపడేవాడు కాదు. ఒకటే అంకె. ఆయనకి పెళ్లి బాజా, నాకు చావు డప్పు.

నిజం చెప్పలేదని మా ఆవిడ పొద్దున్నే దెప్పింది. చెప్పాను! "అయ్యా, ఇది గాలి చూసేదండీ," అని స్పష్టంగా చెప్పాను.

"గాలికే కదాండీ ఆరతది!" అన్నాడు.

ఈ మాటకి జవాబు మీకేమైనా తోస్తే చెప్పండి. నాకైతే ఇప్పటిదాకా తోచలేదు.

ఈలోపు పదిమంది చేరారు. ఒకరు తుండుగుడ్డలో, ఒకరు దోసిట్లో, ఓ ముసలమ్మ కొంగులో వడ్లు పట్టుకొచ్చారు. ముసలమ్మ ఓ గింజ పంటి కింద పెట్టి టక్కుమనిపించి, "ఇంకేం ఆరాలయ్యా ఇది?" అని నన్నే నిలదీసింది. ఇక లాభం లేదని, ఇదుగో ఇది దీనికోసం అని చూపిద్దామని మళ్లీ టైరుకి గుచ్చాను. కారిపోయే టైరు కదా, 15 చూపించింది.

"పదిహేనుకి దిగిందండోయ్! సూత్తండగానే ఆరిపోతందండి!"

మూడోసారి గుచ్చకుండా ఉండాల్సింది. గుచ్చాను. 13. చప్పట్లు కొట్టారు. జీవితంలో నాకు చప్పట్లు కొట్టడం అదే మొదలు.

అప్పుడు ఉరిమింది. ఒక్కసారిగా గాలి లేచింది. చప్పట్లు కొట్టిన చేతులే పారలు, చీపుళ్లు అందుకుని వడ్లు రాశుల కింద ఎగదోశాయి. ఎక్కణ్ణించో బరకాలు వచ్చాయి. "పట్టండి బాబూ ఆ కొస!" అన్నారు. పట్టాను. గాలికి బరకం నన్నూ కలుపుకుని పక్కనున్న కాలవ వైపు లేచింది. బరువు పెట్టడానికి ఇటుకలు చాల్లేదు. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, ఎంతో గౌరవంగా, "తమరు కాస్త ఒళ్లున్నోరు. ఆ మూల కూకోండి బాబూ," అన్నాడు.

కూర్చున్నాను. ముప్పావుగంట వాన. నాకు అటు మూల ఓ తిరగలి రాయి, ఇటు మూల ముసలమ్మ. ఆఫీసుల్లో నా హోదా గురించి ఎవరడిగినా ఇకమీదట ఇటుకతో సమానమని చెప్పుకోవచ్చు. బస్సొకటి నెమ్మదిగా వెళ్లింది. కిటికీలో చంటిపిల్ల నన్ను వేలెత్తి చూపిస్తే, వాళ్లమ్మ ఆ వేలు దించింది. రెయిన్‌కోటు బండి పెట్టెలోనే పొడిగా ఉంది.

వాన వెలిశాక అసలు సంగతి ఎలాగో వాళ్ల బుర్రకెక్కింది. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆనక నా బండిని ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కించి పంక్చరు కొట్టు దాకా పంపించాడు. "అయితే అసలాయన రేపైనా వొత్తాడంటారా?" అని నన్నే అడిగాడు.

ఫోను తుడుచుకుని చూస్తే గ్రూపులో కెప్టెన్ మెసేజి. "తొమ్మిది మందీ క్షేమంగా రావులపాలెం చేరాం. ఫార్మేషన్ అద్భుతం!" కింద ఎనిమిది బొటనవేళ్లు. దాని కింద ఇంకోటి: టీ, పకోడీల ఖర్చు తొమ్మిది వాటాలు, తలా 60.

పకోడీ ఎనిమిది మందే తిన్నారు. నేనింకా పంపలేదు.