నేల విడిచిన నిద్ర: రూఫ్‌టాప్ టెంట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రూఫ్‌టాప్ టెంట్ గారి దివ్యసముఖానికి,

నేల మీద టెంటు వేసుకుని పడుకునే ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. కారు పైకప్పుకి బిగించుకుని, రాత్రి విప్పి, నిచ్చెనెక్కి పడుకునే టెంటు తమరు; ఆ కారు నెత్తిన క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తమరి కింద ఉన్న కారు క్షేమం గురించి మాత్రం కాస్త వివరంగానే మాట్లాడుకోవాలి.

ముందుగా తమరి ఫొటోలకు ఒక దండం. ప్రతి ఫొటోలోనూ కొండ అంచున కారు, దాని మీద తమరు, నిచ్చెన కింద చెప్పుల జత, లోపల కప్పులు పట్టుకుని సూర్యోదయం చూస్తున్న జంట. ఆ కొండ అంచున గాలి వీయదు. ఆ జంటలో ఎవరికీ అర్ధరాత్రి బాత్రూమ్ అవసరం పడదు. కారు ఏ పక్కకీ ఒరగకుండా మట్టంగా నిలబడి ఉంటుంది. ఈ ఫొటోలు చూసిన మనిషికి తన పాత టెంటు మీద చిన్నచూపు మొదలవుతుంది. నేల మీద పడుకుంటున్నానంటే జీవితంలో ఇంకా ఎదగలేదేమో అని అనుమానం వస్తుంది. తమరి వ్యాపారం అక్కడికే సగం అయిపోతుంది.

మిగతా సగం సోమవారం మొదలవుతుంది. మామూలు ఉద్యోగి క్యాంపింగ్‌కు వెళ్లేది ఏడాదికి నాలుగైదు వారాంతాలు. తమరు కారు మీద ఉండేది పన్నెండు నెలలు. దించాలంటే ఇద్దరు గట్టి మనుషులు కావాలి, లేదంటే గ్యారేజీ పైకప్పుకి కప్పీ బిగించాలి. దించాక పెట్టుకోవడానికి చోటు కావాలి. అంత తంటా ఎవరు పడతారు? కాబట్టి తమరు ఆఫీసుకి వెళ్తారు, పిల్లల్ని బడిలో దింపడానికి వెళ్తారు, సరుకులకు వెళ్తారు. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్లు తలెత్తి చూసి "అబ్బో, సాహసవీరుడు" అనుకుంటారు. ఆ వీరుడు ఆ క్షణంలో ఆలోచిస్తున్నది సెల్లార్ పార్కింగ్ గురించి. చాలా పార్కింగుల గుమ్మం దగ్గర రెండు మీటర్ల ఎత్తున ఒక కడ్డీ వేలాడుతూ ఉంటుంది. తమరు ఎక్కకముందు ఆ కడ్డీని ఎవరూ పట్టించుకోరు. ఎక్కాక లోకమంతా కడ్డీలే.

ఈ ఊరేగింపు ఉచితం కూడా కాదు. కారు తయారుచేసినవాళ్లు గాలి ఒరుసుకోకుండా జారిపోవాలని ఏళ్ల తరబడి దాని ఒంపులు సరిదిద్దుతారు. తమరు వచ్చి ఆ ఒంపుల మీద ఒక పెట్టె పెడతారు. గాలి నిరోధం వేగంతో పాటు నెమ్మదిగా పెరిగేది కాదు, వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. అందుకే ఊళ్లో పెద్దగా తెలియని తమరి ఖర్చు హైవే ఎక్కగానే ఇంధనం ముల్లులో కనబడుతుంది. ఎలక్ట్రిక్ కారైతే ఛార్జింగ్ కోసం ఆగే స్టాపులు పెరుగుతాయి. పైగా ఆ వేగంలో తమరు వేసే ఈల ఒకటి. పాటలు పెట్టుకుందామన్నా వినబడవు.

ఇక అసలు విషయం, తమరి బరువు. పెద్దల్ని అడగకూడని ప్రశ్నే, అయినా తప్పదు. ఇద్దరు పడుకునే రకమైతే తమరు మామూలుగా 50 నుంచి 80 కిలోలు తూగుతారు. కుటుంబానికి సరిపోయే సైజైతే ఇంకా ఎక్కువ. చాలా కార్ల పైకప్పు మోయగల బరువు 75 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. కొన్ని చిన్న కార్లకు 50, కొన్ని పెద్ద బండ్లకు 100. కారు కప్పు మీద అడ్డంగా బిగించే, తమరు ఆసీనులయ్యే అడ్డకడ్డీల బరువు కూడా అందులోనే కలుస్తుంది. ఆ కడ్డీలకు మళ్లీ వాటి పరిమితి వాటికి ఉంటుంది. రెండింటిలో ఏది తక్కువైతే దానికే కట్టుబడాలి. ఈ అంకె కారు మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ డాష్‌బోర్డు అరలో, కారు కొన్న రోజు వేసిన ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది.

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం ఒకటుంది. పైకప్పు మోసేదే 75 కిలోలైతే, టెంటే 60 కిలోలుంటే, దాని మీద ఇద్దరు మనుషులు ఎక్కి పడుకుంటే కప్పు కూలిపోదా? కూలదు. ఆ 75 నడుస్తున్న కారుకి చెప్పిన లెక్క. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, గుంతలో పడినా పైనున్న బరువు కప్పుని ముందుకీ పక్కలకీ గుంజుతుంది. ఆ గుంజుడుకి తట్టుకోవాలని పెట్టిన హద్దు అది. కారు ఆగి ఉన్నప్పుడు ఆ కుదుపులు ఉండవు, బరువు నిలువు స్తంభాల మీదుగా తిన్నగా చక్రాల్లోకి దిగుతుంది. అప్పుడు అదే కప్పు దానికి కొన్ని రెట్లు మోస్తుంది. ఆగి ఉన్నప్పటి ఈ రెండో అంకెను చాలా మాన్యువల్స్‌లో రాయనే రాయరు, కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోవాలి.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, తమరి మీద నిద్రపోవడంలో పెద్ద ప్రమాదం లేదు. తమరిని నిద్రపోయే చోటికి మోసుకెళ్లడంలోనే ఉంది. నెత్తిన అంత బరువుంటే బండి గరిమనాభి పైకి జరుగుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒరుగుతుంది, పక్కగాలికి ఊగుతుంది, ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. తెలిసినవాళ్లు నెమ్మదిగా నడుపుతారు, కొత్తగా బిగించాక కొంత దూరం వెళ్లి ఆగి బోల్టులు మళ్లీ చూసుకుంటారు. తెలియనివాళ్లు ఆ ఫొటోలోని కొండ అంచుకు త్వరగా చేరాలని తొందరపడతారు.

"ఒక్క నిమిషంలో రెడీ" అంటారు తమరి భక్తులు. గట్టి పెంకు రకమైతే నిజమే, ఒప్పుకుంటాను. గొళ్లెం తీస్తే గ్యాస్ స్ట్రట్లు (గ్యాస్ ఒత్తిడితో లేచే ఊతకడ్డీలు) తమరిని అమాంతం పైకి లేపుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఆ నిమిషానికి ముందు అరగంట ఒకటుంది. కారు వాలుగా ఉంటే పడకా వాలుగానే ఉంటుంది. రాత్రంతా ఇద్దరూ ఒకే పక్కకు దొర్లుతారు. అందుకని బండిని ముందుకీ వెనక్కీ జరిపి, ఒక చక్రం కింద చెక్క పెట్టి, ఫోన్‌లో మట్టం చూసుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు!" అని అరుచుకుని చివరికి ఎలాగో కుదురుస్తారు. నేల మీద టెంటువాడు అదే పని నాలుగడుగులు పక్కకి నడిచి ముగిస్తాడు. మడతపెట్టే మెత్తని రకం మహిమ పొద్దున్న తెలుస్తుంది. ఒక కాలు టైరు మీద, ఒక కాలు తలుపు అంచు మీద పెట్టి, మంచుకి తడిసిన గుడ్డంతా లోపలికి కుక్కి కవరు మూయాలి. బట్టలు ఎక్కువై మూత పడని సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగినట్టే, కాకపోతే ఇక్కడ కూర్చోవడానికి కూడా కుదరదు.

తమరితో నాకున్న అసలు పేచీ ఇంకొకటి. తమరు స్వేచ్ఛ అని పేరు పెట్టి అమ్మేది నిజానికి ఇంటికీ బండికీ వేసిన ముడి. టెంటు తెరిచి, పరుపు సర్ది, దీపం వేలాడదీశాక అగ్గిపెట్టె మర్చిపోయామని గుర్తొస్తుంది. నేల మీద టెంటువాళ్లు కారెక్కి వెళ్లి తెచ్చుకుంటారు. టెంటు అక్కడే ఉండి, ఈ చోటు మాది అని అందరికీ చెబుతుంది. తమరి యజమాని మాత్రం ఇల్లంతా మడిచి, నెత్తిన పెట్టుకుని, అగ్గిపెట్టె కొనుక్కుని, తిరిగొచ్చి, మళ్లీ చెక్కలు పెట్టుకోవాలి. ఈలోగా ఆ చోట ఇంకెవరో దిగి ఉంటారు. అగ్గిపెట్టెదేముంది, సర్దుకోవచ్చు. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం మండిపోతుంటే, చీకట్లో, వానలో ముందు తమరిని మడవాలి. ఆ తర్వాతే బండి కదులుతుంది. ఈ ఒక్క మాట చెప్పి అమ్మిన దుకాణాన్ని నేనైతే చూడలేదు.

నిచ్చెన గురించి ఎక్కువ చెప్పను. రెండు మీటర్ల ఎత్తు, నిద్రమత్తు, మంచు పట్టిన మెట్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ. కుక్కని పైకి ఎక్కించే బాధ్యత ఇంట్లో ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

"పురుగూ పుట్రా రావు కదా" అనే వాదనలో న్యాయం ఉంది. పాము, తేలు, బురద, వాననీరు, ఈ నాలుగూ నేల మీద తిరిగే విషయాలే. తమరు వాటికి అందకుండా ఉంటారు. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో తమరికి ఆదరణ దొరకడానికి అదీ ఒక కారణం. కానీ దీన్ని ఎక్కడిదాకా లాగుతారంటే, ఎత్తున ఉంటే ఏ జంతువూ ఏమీ చెయ్యదట. చిరుతకి చెట్టెక్కడం వచ్చు, నల్ల ఎలుగుకీ వచ్చు. తినుబండారాలు లోపల పెట్టుకుంటే కారు ఎత్తు వాటికొక లెక్క కాదు. ఉరుములూ పిడుగులూ వస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. లోహపు కారు లోపల అద్దాలు మూసుకుని కూర్చున్నవాళ్లను దాని బాడీ కాపాడుతుంది, కరెంటు చుట్టూ తిరిగి నేలలోకి దిగిపోతుంది. తమరు ఆ బాడీకి బయట, పైన ఉన్నారు. నేల మీద టెంటు కూడా పిడుగు నుంచి కాపాడదు, అది వేరే మాట. ఎవరైనా సరే ఆ వేళ చెయ్యాల్సింది దిగి కారులో కూర్చోవడమే.

చలి సంగతి. తమరి అడుగున కూడా గాలి ఆడుతుంది కాబట్టి ఆరువైపులా చలే. రాత్రంతా ఇద్దరు వదిలే ఊపిరిలోని తేమ చల్లబడిన అడుగు పలకకు తగిలి నీరవుతుంది, పొద్దున్నకి పరుపు కింద చెమ్మ. కింద గాలి ఆడే వల చాప వేసుకోకపోయినా, తడిగా మడిచి ఇంటికొచ్చాక తెరిచి ఆరబెట్టకపోయినా బూజు ఖాయం. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు తమరిని ఎక్కడ తెరిచి ఆరబెట్టాలి? కింద పార్కింగ్‌లో తెరిస్తే వాచ్‌మన్‌కి ఏం చెప్పాలి?

అంత కోపంలోనూ తమరి వంశాన్ని తక్కువ చెయ్యను. 1950ల చివర్లోనే ఇటలీలో తమరి పూర్వీకులు అమ్మకానికి వచ్చారు. తూర్పు జర్మనీలో 26 హార్స్‌పవర్ ట్రబాంట్ కారు నెత్తిన కూడా తమరి చుట్టమొకరు ఎక్కి సెలవులకు వెళ్లేవారు. అంత బుల్లి కారుతో కాపురం చేసిన వంశంలో పుట్టి, ఇవాళ ఏనుగంత బండి లేనిదే ఎక్కనని తమరు గొంతెమ్మ కోరికలు కోరడమే నాకు మింగుడుపడదు. రోజుకో ఊరు మారుతూ, నెలల తరబడి రోడ్డు మీదే ఉండి, చీకటి పడ్డాక ఎక్కడో ఒకచోట ఆగి, తెల్లవారగానే కదిలిపోయేవాళ్లకు తమరు నిజంగా గొప్ప సదుపాయం. దుప్పట్లు లోపలే మడిచి పెట్టుకోవచ్చు, రాళ్లనేల అయినా బెంగ లేదు, బురదలో మేకులు పీకే పని లేదు. వాళ్లు తమరిని నెత్తికెక్కించుకుంటే తప్పు పట్టను. శుక్రవారం సాయంత్రం వెళ్లి, ఆదివారం దాకా ఒకే చెట్టు కింద కదలకుండా ఉండే మనిషి తమరిని కొనడమే నాకు అర్థం కాదు. అతను కదలడే! కదిలేవాళ్ల కోసం పుట్టిన తమరు అతని నెత్తిన చేసే పనేమిటి?

నేల మీద టెంటు దేవత అని నేననను. రాతినేలలో మేకు దిగదు. పల్లంలో వేస్తే వాన కురిసిన రాత్రి నీళ్లలో తేలుతుంది, ఎండిన వాగులో వేస్తే ఇంకా పెద్ద ముప్పు. అడుగున పరిచే పట్టా టెంటు కంటే వెడల్పుగా ఉంటే వాననీటిని పట్టి తెచ్చి వీపు కిందే పోస్తుంది. వీపు కింద పరిచే మంచి ప్యాడ్ లేకపోతే నేల ఒంట్లో వేడినంతా లాగేస్తుంది, ఎంత ఖరీదు స్లీపింగ్ బ్యాగైనా వీపు కింద నలిగి పనికిరాదు. ఇన్ని ఉన్నా, ఇద్దరి టెంటు రెండు కిలోల లోపు దొరుకుతుంది. కారు ఆగిపోయిన చోటు నుంచి కాలిబాట మొదలవుతుంది కదా, అక్కడికి అది వీపు మీద ఎక్కి వస్తుంది. తమరు రారు. పార్కింగ్‌లోనే ఉండిపోతారు.

చివరగా ఒక మనవి. తమరి పెట్టె మీద ఆ జంట ఫొటో పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో తమరి బరువెంతో వేయించండి. కింద ఇంకో వాక్యం: "ముందు మీ కారు మాన్యువల్ కవరు చించండి."

ఇట్లు,
తమ విధేయుడు,
నేల మీది మనిషి

తా.క.: ఈ లేఖ ప్రతి ఒకటి నేల టెంటు గారికి కూడా పంపుతున్నాను, గెలిచానని సంబరపడకుండా. అయ్యా, తమరి సంచీ మీద "ముగ్గురికి" అని రాశారు. కొలిచి చూస్తే మనిషికి దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు వస్తోంది. సామాన్లు, బూట్లు, పక్కకి తిరిగి పడుకునే హక్కు ఇందులో కలిపారో లేదో తెలియజేయగలరు. ఆ ముగ్గురూ ఎవరో, వీలైతే వాళ్ల ఫొటో కూడా పంపగలరు.