‘మతం కాదు, మార్గం’ అంటే సరిపోతుందా?

తిరుపతి, చిత్తూరు వైపు క్రైస్తవ కూటాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: క్రైస్తవ్యం మతం కాదు, మార్గం. పాత మిషన్ చర్చిల నుంచి బయటికొచ్చి సొంతంగా మందిరం పెట్టుకున్న పాస్టర్లు దీన్ని మరీ గట్టిగా చెబుతారు. కమిటీలు, ఎన్నికలు, ఆస్తి తగాదాలు ఉన్నచోట మతం ఉందట, తమ దగ్గర విశ్వాసం ఉందట.

వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. కొన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి 1947లో ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో పదవుల గొడవ ఈ మధ్య మద్రాసు హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టు దాకా పోయింది. మిషనరీలు వదిలివెళ్లిన బడులు, ఆస్పత్రులు, కాంపౌండ్ల మీద పెత్తనం ఎవరిదన్నదే చాలాచోట్ల సంఘ రాజకీయం. స్థానిక సంఘాన్ని నడిపే పాస్టరేట్ కమిటీ ఎన్నికలు పంచాయతీ ఎన్నికలకు ఏం తీసిపోవు, కులాల లెక్కలతో సహా.

అయితే ఆ ఆస్తులు ఎందుకు పుట్టాయో కూడా చూడాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1910 దశకంలో మొదలైంది. దాని వెనకున్నది డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. క్షయకు మందు స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. అప్పటిదాకా చికిత్స అంటే మంచి గాలి, తిండి, విశ్రాంతి. ఇంట్లోవాళ్లే దూరం పెట్టే రోగిని నెలల తరబడి చూసుకోవడం ఒక్క డాక్టరు భక్తితో అయ్యే పని కాదు. వేర్వేరు మిషన్లు చేతులు కలిపాయి, అందుకే దానికి యూనియన్ మిషన్ అని పేరు. జీతాలు, రిజిస్టర్లు, కమిటీలు లేకుండా ఆ వార్డులు నడిచేవా?

పాత సంఘంలో లెక్క అడగడానికి కనీసం ఒక మీటింగ్ ఉంటుంది. సొంత మందిరాల్లో కొన్నింటికి స్థలం పాస్టర్ పేరు మీదే ఉంటుంది, ఆయన తర్వాత కొడుకు పాస్టర్ అవుతాడు. దశమభాగం (విశ్వాసులు ఆదాయంలో ఇచ్చే పదో వంతు) ఎంత వచ్చిందని అడిగితే ‘దైవజనుణ్ణి ప్రశ్నిస్తావా’ అంటారు. (వారమంతా కూలి చేసి ఆదివారం వాక్యం చెప్పే పాస్టర్లూ ఉన్నారు. ఈ మాట వాళ్లను ఉద్దేశించి కాదు.) దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం కేంద్రం తిరుపతిలోనే ఉంది. ఏ మార్టిన్ లూథర్ పేరు పెట్టుకుందో ఆ జర్మన్ మత సంస్కర్త 1517లో తిరగబడింది పాప పరిహార పత్రాల అమ్మకం మీద, అంటే డబ్బు కడితే పాపాల శిక్ష తగ్గుతుందని చర్చి అమ్మిన పత్రాల మీద. ఇప్పుడు యూట్యూబ్‌లో ‘విత్తన కానుక’ వేస్తే అప్పులు తీరతాయని చెబుతుంటే అడిగేవాళ్లు లేరు.

మత్తయి సువార్తలో యేసు పుదీనా, జీలకర్రలో కూడా పదో వంతు ఇచ్చి న్యాయాన్ని, కనికరాన్ని వదిలేసినవాళ్లను తిడతాడు. పదో వంతు మానేయమని మాత్రం అనడు. ఆ కొలతతో చూస్తే పాతా కొత్తా తేడా పెద్దగా కనిపించదు. ఆరాధనలో పక్కపక్కన కూర్చునే మాల, మాదిగ కుటుంబాలు పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి విడిపోవడం రెండుచోట్లా ఉంది. దాని మీద ప్రసంగం చేసే పాస్టర్లు తక్కువ. చేస్తే ఎవరో ఒకరు నొచ్చుకుని వేరే మందిరానికి వెళ్లిపోతారని భయం, వాళ్లతోపాటు వాళ్ల కానుకలూ పోతాయి.