కనురెప్ప మీద గడ్డ తీశాక ఆ ముక్క ఎక్కడికి వెళ్తోంది?

పెద్ద వయసువారి కనురెప్ప మీద గడ్డ లేస్తే ముందుగా అనుకునేది కంటి కురుపు అనే. కాపడం పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. తగ్గకపోతే డాక్టర్ చిన్న కోత పెట్టి లోపలున్నది గీకి తీసేస్తారు. అలా తీసిన ముక్క ల్యాబ్‌కు వెళ్తోందా, చెత్తబుట్టలోకి వెళ్తోందా? అరవై దాటిన మనిషి కంటి దగ్గర తీసిన ఏ ముక్కనూ మైక్రోస్కోప్ కింద చూడకుండా పారేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంత గట్టిగా చెప్పడానికి మొదటి కారణం సెబేషియస్ గ్రంథి క్యాన్సర్. కనురెప్పల్లో నూనె స్రవించే మైబోమియన్ గ్రంథులుంటాయి. పై రెప్పలో అవి ఎక్కువ కాబట్టి ఈ క్యాన్సర్ కూడా అక్కడే ఎక్కువగా వస్తుంది. నొప్పి ఉండదు, గట్టిగా ఉంటుంది, చూడ్డానికి అచ్చం మామూలు కురుపే. ఒక్కోసారి గడ్డ కూడా కనిపించదు. ఒక కంటి రెప్ప అంచు మాత్రమే ఎర్రబడి, ఎన్ని చుక్కల మందులు వేసినా తగ్గదు. రెప్ప వెంట్రుకలు రాలిపోతుంటాయి. అలర్జీ అనో, ఇన్ఫెక్షన్ అనో నెలలు గడిచిపోతాయి. ఈలోగా అది చెవి ముందున్న లింఫ్ గ్రంథులకో, మెడలోకో పాకవచ్చు. తీసినచోటే కురుపు మళ్లీ వచ్చిందంటే, రెండోసారి కూడా ఊరికే గీకి పంపేయడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం.

ముక్క ల్యాబ్‌కు చేరినా పని అయిపోయినట్టు కాదు. ఈ క్యాన్సర్ కణాల్లో కొవ్వు బిందువులుంటాయి, రోగాన్ని పట్టించేవి అవే. కానీ స్లయిడ్ తయారీలో వాడే ఆల్కహాల్, జైలీన్ ఆ కొవ్వును కరిగించేస్తాయి, ఖాళీ బుడగలే మిగులుతాయి. కొవ్వుకు నేరుగా రంగు వేయాలంటే ముక్కను మామూలు ప్రాసెసింగ్‌కు పంపకముందే కొంత పక్కన పెట్టి, గడ్డకట్టించి కోయాలి. మామూలు ప్రాసెసింగ్ అయ్యాక మైనపు దిమ్మెలో పెట్టిన ముక్క మీద చేయగల అడిపోఫిలిన్ పరీక్ష (కొవ్వు బిందువుల చుట్టూ ఉండే ప్రొటీన్‌ను పట్టేది) ఇప్పుడు ఉంది కానీ, అది చేయించాలన్న అనుమానం ముందు ఎవరికో ఒకరికి రావాలి. రాకపోతే దీన్ని బేసల్ సెల్ క్యాన్సర్ అనే మరో చర్మ క్యాన్సర్ అనుకునే ప్రమాదం ఉంది. అది ఎక్కువగా కింది రెప్పలో వస్తుంది, దూరపు అవయవాలకు చాలా అరుదుగా పాకుతుంది. సెబేషియస్ క్యాన్సర్ కణాలు అలా కాదు. అసలు గడ్డకు దూరంగా, కంటి పైపొరలో అక్కడక్కడా చెదిరి ఉంటాయి. అందుకే కంటిపొరలో చాలాచోట్ల చిన్న చిన్న ముక్కలు తీసి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టి పంపాల్సి వస్తుంది.

కంటి గూడు సంగతి ఇంకా చిక్కు. పెద్ద వయసులో అక్కడే పుట్టే క్యాన్సర్లలో ముందుండేది లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్. నొప్పి లేకుండా కన్ను నెమ్మదిగా ముందుకు పొడుచుకొస్తుంది, లేదా రెప్ప లోపల గులాబీ రంగు మచ్చ కనిపిస్తుంది. ఎక్కువ కేసుల్లో ఇది నిదానంగా పెరిగే రకమే, రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. చెడగొట్టేది మన తొందర. వాపు చూసి స్టెరాయిడ్ మొదలుపెడతారు, వాపు తగ్గుతుంది, అందరికీ టెన్షన్ తీరుతుంది. ఆ తర్వాత బయాప్సీ చేస్తే అసలు కణాలు తగ్గిపోయి రిపోర్టు ఎటూ తేలదు. ఐజీజీ4 అనే రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బు కూడా కన్నీటి గ్రంథిని ఇలాగే ఉబ్బిస్తుంది. దాన్నీ లింఫోమానూ విడదీసి చెప్పాలంటే స్టెరాయిడ్ పడకముందు తీసిన ముక్క కావాలి. మొత్తం ముక్కను, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేసేస్తే, తాజా కణాల రకాన్ని యంత్రంతో తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు అవకాశం పోతుంది. ఇదంతా ఆపరేషన్‌కు ముందు, ల్యాబ్‌లో ముక్కను చూసే పాథాలజిస్ట్‌తో ఒక్క ఫోన్ కాల్ మాట్లాడితే సర్దుకునే విషయం.

జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ దగ్గర లెక్క తిరగబడుతుంది. యాభై దాటినవాళ్లకే వచ్చే ధమనుల వాపు ఇది. కొత్తగా తలనొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, ఆపైన హఠాత్తుగా చూపు పోవడం. ఇక్కడ స్టెరాయిడ్ వెంటనే ఇవ్వాలి. ఆలస్యమైతే రెండో కన్ను కూడా కొద్ది రోజుల్లోనే పోవచ్చు. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోపు కణత దగ్గరి ధమని నుంచి ముక్క తీసినా వాపు ఆనవాళ్లు సాధారణంగా దొరుకుతాయి. అయితే ఈ వాపు ధమని పొడవునా ఒకేలా ఉండదు, మధ్య మధ్యలో బాగున్న భాగాలుంటాయి. అందుకే ముక్క కనీసం ఒక సెంటీమీటరైనా ఉండాలి, దాన్ని చాలాచోట్ల కోసి చూడాలి. రిపోర్టు నెగెటివ్ వచ్చినా లక్షణాలు సరిపోతుంటే ఆ ఒక్క కాగితం చూసి మందు ఆపేయడం ప్రమాదకరం.

కనిపించిన ప్రతిదాన్నీ కోసి చూడమని నేను అనడం లేదు. కంటి లోపల రంగు కణాలకు వచ్చే క్యాన్సర్ మెలనోమాను చాలావరకు కంటి పరీక్షతో, అల్ట్రాసౌండ్‌తోనే గుర్తిస్తారు. కన్నీటి గ్రంథిలో ప్లియోమార్ఫిక్ అడినోమా (క్యాన్సర్ కాని ఒక గడ్డ) అని అనుమానం వస్తే ముక్క తీయకుండా పైపొరతో సహా మొత్తం గడ్డనే తీయాలి, లేదంటే మళ్లీ మళ్లీ వస్తుంది. ఎప్పుడు కోయాలన్నది డాక్టర్ నిర్ణయం. కోసి తీసినదాన్ని చూడకపోవడమే నా అభ్యంతరం.

తీసినవాటిలో చాలావరకు మామూలు గడ్డలే కదా, అనవసరపు ఖర్చు కదా అనే వాదన ఉంది. పాతికేళ్ల వ్యక్తికి మొదటిసారి వచ్చిన కురుపు విషయంలో ఆ వాదన ఒప్పుకుంటాను. వయసు పైబడ్డాక ఒప్పుకోలేను. అక్కడ ఒక్క కేసు తప్పినా కన్ను మొత్తం తీసేయాల్సి రావచ్చు, ప్రాణం మీదకే రావచ్చు.

ముక్కతో పాటు వెళ్లే చీటీలో ఏ రెప్ప, ఎన్నోసారి వచ్చింది, వెంట్రుకలు రాలాయా, స్టెరాయిడ్ వాడారా, ఒంట్లో ఇంకెక్కడైనా క్యాన్సర్ ఉందా అన్నవి రాయాలి. రొమ్ము క్యాన్సర్ ఏళ్ల తర్వాత కంటి గూటిలోకి పాకి, కన్నును ముందుకు తోయడానికి బదులు లోపలికి లాగేసే సందర్భాలున్నాయి. ఆ పాత చరిత్ర చీటీలో లేకపోతే పాథాలజిస్ట్ ఆ దిశగా ఆలోచించడం కష్టం. ఇంట్లోవాళ్లు కూడా రిపోర్టు కాపీ అడిగి దాచుకోవాలి. మైనపు దిమ్మె ల్యాబ్‌లో భద్రంగా ఉంటే, అనుమానం వచ్చినప్పుడు కంటి పాథాలజీలో అనుభవం ఉన్నవాళ్లకు దాన్నే పంపి మళ్లీ చూపించవచ్చు.