సవరణ: థామస్ టెస్ట్‌లో మోకాలు ఎంతవరకు లాగాలి

తుంటి బిగుతు చూసే థామస్ టెస్ట్ (బెంచీ అంచున వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని ఛాతీకి లాక్కుని, రెండో కాలిని కిందికి వేలాడదీసే పరీక్ష) గురించి మొన్నటి పోస్టులో "మోకాలిని ఛాతీకి వీలైనంత గట్టిగా లాక్కోమనండి" అని రాశాను. అది తప్పు. నడుము బెంచీకి ఆనేంతవరకే లాగాలి, అక్కడితో ఆపేయాలి.

అంతకు మించి లాగితే కటి (తుంటి ఎముకల గూడు) వెనక్కి తిరిగి, పిరుదుల దగ్గర బెంచీ నుంచి లేస్తుంది. దాంతోపాటే కిందికి వేలాడే రెండో తొడా పైకొస్తుంది. ఏ ఇబ్బందీ లేని క్లయింట్‌కి కూడా 'హిప్ ఫ్లెక్సర్లు (తొడను పైకెత్తే కండరాలు) టైట్' అని చెప్పేస్తాం. తక్కువ లాగితే ఇంకో చిక్కు: నడుము విల్లులా లేచి, బిగుతు ఉన్నా తొడ బాగానే దిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక అరచేయి నడుము కింద పెట్టి చూడాలి. కంటితో అంచనా వేస్తే చాలదు, ముఖ్యంగా వదులు టీషర్ట్ వేసుకుంటే.

ఫిజియోథెరపీ పాఠ్యపుస్తకాలు చెప్పేదీ ఇదే. కటి వంపును అదుపు చేయకపోతే తుంటి ఎంత వెనక్కి వెళ్తుందో ఈ టెస్ట్ సరిగ్గా చెప్పదని 2016లో వచ్చిన ఒక అధ్యయనం కూడా తేల్చింది.

తొడ దిగి మోకాలు మాత్రం చాచుకుపోతే రెక్టస్ ఫెమోరిస్ (తొడ ముందు భాగపు కండరం) బిగుతు అని మొన్న రాసిన మాటలో మార్పు లేదు. పాత పద్ధతిలో రీడింగులు తీసుకున్నవాళ్లు మళ్లీ తీసుకోండి.