ప్రజావేదిక ముగిశాక ఏమవుతోంది?

ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ జరిగే ఊళ్లో మొదటి రెండు మూడు రోజులు పెద్దగా హడావుడి కనిపించదు. వేరే ఊరి నుంచి వచ్చిన యువతీయువకులు, చాలామంది కూలీల ఇళ్ల పిల్లలే, మస్టర్ల (హాజరు పట్టీల) నకళ్లు పట్టుకుని గడపగడపకూ వెళ్లి అరుగుల మీద కూర్చుని పేర్లు చదువుతారు. ‘ఈ వారం ఆరు రోజులు పనికి వెళ్లినట్టు రాశారు, నిజమేనా అమ్మా?’ అని అడిగితే, ‘అప్పుడు మేం ఊళ్లోనే లేం, వలసపోయాం కదయ్యా’ అని ఆ ఇల్లాలు చెప్పిన మరుక్షణం దొంగ హాజరు బయటపడుతుంది. ఆ తర్వాత చేలోకి నడిచి, పంటకుంట లోతును టేపుతో కొలిచి, కొలతల పుస్తకంలో ఉన్న అంకెతో సరిచూస్తారు. ఆఫీసులో కూర్చుని ఓచర్లు తిరగేస్తే ఈ రెండూ తెలియవు.

రాజస్థాన్ పల్లెల్లో 1990లలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే ప్రజాసంఘం నడిపిన బహిరంగ విచారణల నుంచి ఎదిగిన ఈ పద్ధతికి 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ బలమిచ్చింది. దాన్ని కాగితం మీద వదిలేయకుండా 2006లోనే ఆచరణలో పెట్టి, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. తెలుగువారు నిజంగా గర్వించదగ్గ పరిపాలనా సంస్కరణల్లో ఇదొకటని మేము నమ్ముతున్నాం. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్‌ను సంప్రదించి కేంద్రం 2011లో తెచ్చిన నిబంధనలు ప్రతి పంచాయతీలో ఆరు నెలలకోసారి తనిఖీ జరగాలన్నాయి. పనులు చేయించే యంత్రాంగం తనిఖీలో జోక్యం చేసుకోరాదనీ స్పష్టం చేశాయి.

అయితే తనిఖీ బృందం చేతిలో ఉన్నది నివేదిక మాత్రమే. తనిఖీ చివర మండల స్థాయిలో జరిగే బహిరంగ విచారణ అయిన ప్రజావేదికలో, అందరి ఎదుట తేలిన సొమ్మును రాబట్టాల్సిందీ, బాధ్యులపై చర్య తీసుకోవాల్సిందీ అధికార యంత్రాంగమే. అక్కడే బండి ఆగిపోతోంది. రికవరీకి రాసిన మొత్తంలో ఖజానాకు తిరిగి చేరుతున్నది కొద్దిపాటే. 2005 నాటి ఆ చట్టం 25వ సెక్షన్ ఉల్లంఘనకు పెట్టిన జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలేనని గుర్తుచేసుకుంటే, తప్పు చేసినవాడికి భయం ఎందుకు లేదో అర్థమవుతుంది. ఊళ్లో పనులు చూసే కింది ఉద్యోగి ఫీల్డ్ అసిస్టెంటును తొలగించి చేతులు దులుపుకోవడం సులువు; తప్పుడు కొలతపై సంతకం చేసినవారి దాకా, బిల్లు ఆమోదించినవారి దాకా విచారణ వెళ్లడం అరుదు. వేదిక మీద ధైర్యంగా నోరు విప్పిన కూలీ మాత్రం మర్నాడు కూలీల హాజరు వేసే అదే మేటు దగ్గర పనికి నిలబడాలి. ఆమె ధైర్యానికి ప్రభుత్వం ఇచ్చే రక్షణ ఏమిటి?

నిధుల సంగతి కూడా ఇంతకు తక్కువది కాదు. తనిఖీ విభాగానికి డబ్బు సకాలంలో అందకపోతే సిబ్బంది జీతాలు ఆగుతాయి, ఊళ్లు తనిఖీ లేకుండా మిగిలిపోతాయి. తనిఖీకి గురయ్యే శాఖ దయతో నడిచే సంస్థను స్వతంత్రమైనదని ఎవరూ అనలేరు. పని చోట తీసిన కూలీల హాజరు ఫొటోలు యాప్‌లో వస్తున్నాయి కదా అనే వాదనా నిలవదు. ఫొటోకు మళ్లీ ఫొటో తీసి ఎక్కించిన ఉదంతాలు బయటపడ్డాయి. వాటిని పట్టుకోవాలన్నా మనిషే ఊరికి వెళ్లాలి.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేము కోరేది ఇది. తనిఖీ నిధులు అమలు శాఖ చేతుల మీదుగా కాకుండా నేరుగా, ఏటా ముందుగానే విడుదల కావాలి. ప్రతి ప్రజావేదిక నిర్ణయంపై తీసుకున్న చర్యను, వసూలైన మొత్తంతో సహా, గడువులోగా ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించి పంచాయతీ గోడ మీద రాయించాలి. అరుగు మీద కూర్చుని నిజం చెప్పిన ఆ ఇల్లాలికి, తన పేరు మీద ఎత్తిన కూలి సొమ్ము ఏమైందో తెలుసుకునే హక్కు ఉంది.